నలభై దాటిన మగవాళ్లలో నీరసం: కారణం పట్టుకుని ఓపిక తిరిగి తెచ్చుకోవడం ఎలా

"ఏంటండీ, ఈమధ్య బాగా డల్లుగా ఉంటున్నారు?" అని అడిగితే విజయవాడలోనైనా గుంటూరులోనైనా నలభై దాటిన మగవాళ్లు చెప్పే జవాబు దాదాపు ఒకటే: "వయసు వస్తోంది కదండీ." అసలు ఇబ్బంది ఈ జవాబుతోనే మొదలవుతుంది. నలభై అయిదేళ్లకు పరుగులో వేగం తగ్గొచ్చు, తగిలిన దెబ్బ మానడానికి ఇంకో నాలుగు రోజులు పట్టొచ్చు. కానీ మధ్యాహ్నం మూడింటికి కొట్లో గల్లాపెట్టె ముందే కునికిపాట్లు పడటం, రెండో అంతస్తు ఎక్కేసరికి నిలబడిపోవడం, ఆదివారమంతా మంచం మీదే గడిచిపోవడం వయసు తెచ్చేవి కావు. వాటికి ఒక కారణం ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు కలిసి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సరిచేసుకోగలిగినవే.

కారణం తెలియకముందే మందు కొనేయడం మన దగ్గరున్న ఇంకో అలవాటు. ఒకరు బీ-కాంప్లెక్స్ అంటారు, ఒకరు సెలైన్ ఎక్కించుకోమంటారు, ఇంకొకరు ఫోన్లో చూసిన పవర్ క్యాప్సూల్ తెప్పిస్తారు. ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పూర్తిగా ఎదురు. ముందు గమనించాలి, తర్వాత నిద్ర, వాడుతున్న మందులు, రక్తపరీక్షలు చూసుకోవాలి. తిండి, వ్యాయామం ఆ తర్వాత. ఈ వరస మార్చకండి. హిమోగ్లోబిన్ 9 దగ్గరున్న మనిషిని నేరుగా జిమ్‌కి పంపితే ఇంకా కుంగిపోతాడు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్ల వాపు, తారులా నల్లటి విరేచనం, మలంలో రక్తం, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, రెండు వారాలు దాటిన దగ్గు లేదా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ మార్గదర్శి పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లలో గుండె ఇబ్బంది నొప్పి లేకుండా, ఉన్నట్టుండి వచ్చిన విపరీతమైన నీరసంగానో ఆయాసంగానో బయటపడొచ్చు. "గ్యాస్ అయి ఉంటుందిలే" అని సోడా తాగి కూర్చోవడం ప్రమాదం.

1. మీది ఏ రకం నీరసం?

నీరసం అనే ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు అవస్థలుంటాయి. డాక్టర్‌కు "నీరసంగా ఉంటోందండి" అని మాత్రమే చెబితే ఆయన చేతికి ఏ ఆధారమూ దొరకదు. అందుకే ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఏ పూట ఓపిక పడిపోయింది, అంతకుముందు ఏం తిన్నారు.

కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోందా? టీవీ ముందు, బస్సులో, సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు కూడా కళ్లు మూతపడుతున్నాయా? అది నిద్రమత్తు. ముందు నిద్రను, తర్వాత మందులను అనుమానించాలి.

నిద్ర రావడం లేదు గానీ నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం లేదా? అది ఆయాసం. రక్తహీనత, గుండె, ఊపిరితిత్తుల వైపు చూడాలి. పొగతాగేవాళ్లు, మిర్చి యార్డులో, నూలు మిల్లుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఊపిరి బాగానే ఉంది, కానీ కింద కూర్చుని లేవాలంటే చేత్తో నేలను ఆనించాల్సి వస్తోందా? బియ్యం బస్తా ఎత్తలేకపోతున్నారా? కండ తగ్గింది. థైరాయిడ్, విటమిన్ డి, వ్యాయామం లేకపోవడం, ప్రొటీన్ తక్కువ తినడం ఇక్కడ ముఖ్యం.

నాలుగో రకంలో ఒళ్లు సహకరిస్తుంది గానీ మనసు ఒప్పదు. ఏ పనీ మొదలుపెట్టాలనిపించదు. ఇష్టమైన స్నేహితుడు ఫోన్ చేసినా ఎత్తాలనిపించదు. దాని గురించి కింద విడిగా చెబుతాను.

2. నిద్ర సంగతి తేల్చుకోండి

దీని మీద అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం ఉంది, ఫలితమూ అందరూ అనుకునేదానికంటే ఎక్కువ. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. వన్‌టౌన్‌లోనో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లోనో కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, పదిన్నరకు అన్నం తిని, పన్నెండున్నర దాకా ఫోన్ చూసి, పొద్దున్నే ఆరింటికి లేచే మనిషికి అయిదున్నర గంటలే దక్కుతుంది. మిర్చి సీజన్లో రాత్రంతా లారీల దిగుమతి చూసి తెల్లారి అమ్మకాలకు నిలబడేవాళ్లకు, విజయవాడ జంక్షన్‌లో వేళాపాళా లేని డ్యూటీలు చేసేవాళ్లకు అదీ దక్కదు. ఈ లోటును ఏ టానిక్కూ పూడ్చలేదు.

ఏడు గంటలు పడుకుంటున్నా పొద్దున బడలికగానే లేస్తున్నారంటే, అడగాల్సింది మీ ఇంట్లోవాళ్లను. మీరు గురక పెడతారా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారిగా ఎగపీల్చి మళ్లీ మొదలవుతోందా? అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది. ప్రమాదం పసిగట్టిన మెదడు కొన్ని క్షణాలు లేపుతుంది. ఈ లేవడం మీకు గుర్తుండదు. గంటకు 5 సార్లు దాటితే జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రం. అలాంటి రాత్రి తర్వాత మనిషి పగలంతా మత్తుగా ఉండటంలో వింత లేదు. మందులకు లొంగని బీపీ, పొద్దున తలనొప్పి, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం కూడా దీని వల్ల రావచ్చు.

మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, పొట్ట, బీపీ, గురక నాలుగూ ఉంటే అనుమానం బలపడినట్టే. మీ గురకను ఫోన్లో రికార్డు చేయమని భార్యను అడగండి, సిగ్గుపడాల్సిన పని కాదు. ఆ రికార్డుతో ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల డాక్టర్‌ను కలిస్తే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ చూసే పరీక్ష) రాస్తారు, ఇప్పుడు ఇంట్లోనే చేసే యంత్రాలూ ఉన్నాయి. జబ్బు తేలితే సీప్యాప్ అనే చిన్న యంత్రం మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు మూసుకుపోకుండా ఆపుతుంది. అలవాటయ్యాక కొన్ని వారాల్లోనే మనిషి తేడా తెలుస్తుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానేయడం కూడా ఉపయోగపడతాయి. స్టీరింగ్ దగ్గర కునుకు వస్తున్నవాళ్లు వైద్యం అయ్యేదాకా హైవే మీద, అదీ గుంటూరు నుంచి రాత్రిపూట తిరిగొచ్చేటప్పుడు, దయచేసి బండి నడపకండి.

ఆప్నియా లేనివాళ్లు మూడు మార్పులు చేసుకోవాలి. కొట్టు కట్టేదాకా ఆగకుండా ఎనిమిదింటికే క్యారేజీ తెప్పించుకుని అక్కడే తినేయండి. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. పడుకోవడం ఎలా ఉన్నా, లేచే వేళ మాత్రం రోజూ ఒకటే ఉంచండి.

3. మందుల డబ్బా తెరవండి

నీరసానికి మందు వెతుక్కునే ముందు, ఇప్పటికే వేసుకుంటున్న మందే నీరసం తెస్తోందేమో చూడాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, కొందరికి దాంతో బడలిక వస్తుంది. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ మత్తు మరుసటి రోజుకూ మిగులుతుంది. మూత్రం ఎక్కువయ్యే బీపీ మాత్రలతో సోడియం, పొటాషియం పడిపోవచ్చు. కొలెస్ట్రాల్ మాత్రలతో కొందరికి ఒళ్లునొప్పులు వస్తాయి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఏళ్ల తరబడి పాంటొప్రజోల్ వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గొచ్చు. మన దగ్గర ఈ రెండూ కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, బీ12 చూపించుకున్నవాళ్లు మాత్రం తక్కువ.

అన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. సొంతంగా మానేయొద్దు, గుండె వేగం తగ్గించే మాత్రలను హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం.

4. రక్తపరీక్షలు: ఏవి, ఎందుకు

ఎనభై టెస్టుల ప్యాకేజీ అక్కర్లేదు. అన్ని అంకెల్లో ఒకటో రెండో గీత దాటకుండా ఉండవు, ఆ టెన్షన్‌తో ఉన్న నిద్ర కాస్తా పోతుంది. జనరల్ ఫిజీషియన్‌ను కలిసి ఇవి అడగండి: పూర్తి రక్తపరీక్ష, ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష, సోడియం, పొటాషియం, బీ12, విటమిన్ డి, మూత్ర పరీక్ష, ఈసీజీ. ప్రాథమికమైనవి విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనే (జీజీహెచ్) చేయించుకోవచ్చు. మంగళగిరి ఎయిమ్స్ రెండూళ్లవాళ్లకూ దగ్గరే.

హిమోగ్లోబిన్ మగవాళ్లలో 13 కంటే తగ్గితే రక్తహీనత. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మగవాళ్లకు నెలనెలా రక్తం పోదు. కాబట్టి ఐరన్ తగ్గిందంటే ఎక్కడో రక్తం కారుతోందేమోనని వెతకాలి. మొలలు కావచ్చు, మోకాళ్లనొప్పికి రోజూ వేసుకునే పెయిన్ కిల్లర్ వల్ల కడుపులో పడిన పుండు కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కూడా కావచ్చు. ఫెరిటిన్ (ఐరన్ నిల్వల పరీక్ష), మలపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (కడుపు, పెద్దపేగుల లోపల చూసే పరీక్షలు) చేయించుకోకుండా ఐరన్ టానిక్ తాగుతూ కూర్చుంటే అంకె పెరుగుతుంది, జబ్బు లోపల పెరుగుతుంది.

ఫాస్టింగ్ షుగర్ 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. ఫాస్టింగ్ 126కి లేదా హెచ్‌బీఏ1సీ 6.5కి చేరినా, దాటినా షుగర్ వచ్చినట్టే, ఇంకోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించగలదు, అందుకే రెండూ చూడాలి.

టీఎస్‌హెచ్ 10 దాటితే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు. 5, 6 దగ్గరుంటే వెంటనే మాత్ర అవసరం లేకపోవచ్చు, నీరసానికి అసలు కారణం వేరే ఉండొచ్చు. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్లు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి. అది ఉంటే థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి.

బీ12 సాధారణంగా 200 కంటే తగ్గితే లోపం. దీంతో నీరసమే కాదు, అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, తూలడం కూడా వస్తాయి. ఇది మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే దొరుకుతుంది కాబట్టి శాకాహారులు తప్పక చూపించుకోవాలి. ఇక విటమిన్ డి. "మే నెలలో రోళ్లు పగిలే ఎండ కాసే ఊళ్లో డి తగ్గడమేంటి?" అనిపిస్తుంది. ఆ ఎండకు భయపడే పగలంతా నీడపట్టున ఉంటాం, అదీ సంగతి. 20 కంటే తక్కువైతే 60,000 యూనిట్ల మాత్రను వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తారు. చీటీ దాచుకుని ఏడాది పొడవునా వేసుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

5. సెలైన్, పవర్ క్యాప్సూళ్లు, టెస్టోస్టిరాన్

నీరసం అనగానే ఓ గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం మన పల్లెల్లోనే కాదు, నగరంలోనూ ఉంది. 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. అంటే 100 క్యాలరీల లోపు, ఓ అరటిపండు పాటి. అందులో కలిపే పసుపు రంగు ఇంజెక్షన్ బీ విటమిన్. ఎక్కించుకున్నాక హుషారు వచ్చినట్టు అనిపించడానికి గంటసేపు పడుకోవడమూ ఒక కారణమే. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఇది హాని.

మగతనం, బలం పేరుతో అమ్మే పేరూ ఊరూ లేని పొడులు, క్యాప్సూళ్ల జోలికి వెళ్లొద్దు. ఇలాంటి వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్లు, సిల్డెనాఫిల్ (అంగస్తంభన మందు) కలిపిన సందర్భాలు చాలాసార్లు బయటపడ్డాయి. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునే మనిషికి సిల్డెనాఫిల్ తోడైతే బీపీ పాతాళానికి పడిపోతుంది. స్టెరాయిడ్ మొదటి నెల ఏనుగంత బలం ఇచ్చినట్టు చేసి, ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్‌ను అణిచేస్తుంది. ఆపగానే మనిషి కూలబడిపోతాడు.

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మధ్యవయసు నుంచి నెమ్మదిగా తగ్గుతుంది, నిజమే. అయితే ఉత్త నీరసం దాని గుర్తు కాదు. కోరిక తగ్గడం, పొద్దున సహజంగా వచ్చే అంగస్తంభన ఆగిపోవడం, గడ్డం, ఒంటిమీది వెంట్రుకలు పలచబడటం ఉంటేనే దాన్ని అనుమానించాలి. పొద్దున పది లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్షించాకే నిర్ణయం. రెండుసార్లూ 300 కంటే తక్కువ ఉంటే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవాలి. ఒక్క రిపోర్టు చూసి ఇంజెక్షన్ మొదలుపెట్టేవాళ్లను నమ్మకండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే వీర్యకణాలు పడిపోతాయి, రక్తం చిక్కబడుతుంది. పొట్ట, ఆప్నియా, షుగర్, మద్యం, ఈ నాలుగూ ఆ హార్మోన్‌ను తగ్గించేవే, వాటిని దారికి తెస్తే చాలామందిలో అది తనంతట తానే పెరుగుతుంది. ఇంకొకటి: అంగస్తంభన ఇబ్బంది గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు గుర్తు కావచ్చు. సిగ్గుపడి మెడికల్ షాపులో మాత్ర కొనుక్కోకుండా, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గుండె చూపించుకోండి.

6. పళ్లెంలో మార్పు

మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పునుగులు, రాత్రి మళ్లీ అన్నం. రోజంతా పిండిపదార్థమే. తిన్న గంటకు షుగర్ పైకెగసి, తర్వాత దిగేటప్పుడు కళ్లు మూతపడతాయి.

భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. దీనికి డబ్బాల పౌడర్ అక్కర్లేదు. మన పెసరట్టే ఉంది. గుప్పెడు, అంటే 50 గ్రాముల పెసలతో వేసిన అట్లలో సుమారు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఉప్మా లేకుండా, నూనె తగ్గించి, అల్లం చట్నీతో తినండి. రెండు గుడ్లలో 12 గ్రాములు. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20. సాయంత్రం మిర్చి బజ్జీ బండి దగ్గర ఆగే బదులు శనగ గుగ్గిళ్లు, 50 గ్రాముల శనగల్లో 10 గ్రాముల దాకా వస్తుంది. మధ్యాహ్నం అన్నాన్ని మూడోవంతు తగ్గించి, ఆ జాగాలో పప్పు, కూర రెట్టింపు చేయండి. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ అంత ఎగసిపడదు. తినగానే పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడవండి, ఎండైతే కొట్లోనే, వరండాలోనే. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

భోజనం చేసిన వెంటనే టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. ఎండాకాలం నీళ్లు, పల్చటి మజ్జిగ తరచూ తాగాలి. ఒంట్లో నీరు కొద్దిగా తగ్గినా నీరసం, తలనొప్పి వస్తాయి.

మద్యం గురించి ఒక్క మాట. రెండు పెగ్గులు నిద్ర త్వరగా తెప్పిస్తాయి గానీ అర్ధరాత్రి దాటాక ఆ నిద్రనే ముక్కలు చేస్తాయి. నెల రోజులు పూర్తిగా మానేసి చూడండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే వణుకు, మూర్ఛ రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

7. కండ పెంచండి

ఓపిక లేనప్పుడు విశ్రాంతి కావాలనిపిస్తుంది. పరీక్షల్లో పెద్ద జబ్బేదీ తేలకపోతే కావాల్సింది దానికి వ్యతిరేకం. కండ ముప్పై దాటినప్పటి నుంచీ, వాడకపోతే, కరుగుతూ వస్తుంది. కండ తగ్గినకొద్దీ చిన్న పనికీ అలుపొస్తుంది, అలుపొస్తోందని ఇంకా కదలం. నడక ఒక్కటే దీన్ని ఆపలేదు. పొద్దున ఇందిరాగాంధీ స్టేడియంలోనో, కృష్ణ ఒడ్డున ఘాట్లలోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో నడిచే చాలామంది అక్కడే ఆగిపోతారు.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెట్టుకోండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. దానికి తోడు వారంలో రెండు రోజులు బలం వ్యాయామం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పదిసార్లు వంగి లేవడం, రెండు చేతుల్లో నీళ్ల బాటిళ్లు పట్టుకుని పైకి ఎత్తడం, మెట్లెక్కడం. మొదట్లో ఒక్కో వరస చాలు. మూడో వారం నుంచి రెండు వరసలు. కుర్చీ తేలికైపోతే స్టూలు, ఆ తర్వాత గుంజీలు. షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే గుండె చూపించుకోవాలి. మొదటి పది రోజులు అలసట పెరిగినట్టే ఉంటుంది, మానేయొద్దు.

బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. ప్యాంటు సైజు నమ్మొద్దు, అది పొట్ట కింద కడతాం. భారతీయ మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

8. మనసు అలసిపోయినప్పుడు

మన మగవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. "ఓపిక లేదు" అంటారు, లేదంటే పిల్లల మీద విసుక్కుంటారు. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ, చీటీ ఎత్తేసిన డబ్బు, ఎక్కడో ఇరుక్కుపోయిన స్థలం, మంచాన పడ్డ నాన్న, అన్నీ మోస్తూ ఎవరికీ చెప్పకపోవడం గొప్పని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అది మనిషిని లోపల్నించి తినేస్తుంది.

రెండు ప్రశ్నలు నిజాయితీగా వేసుకోండి. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా? ఎక్కువ రోజులు దిగులుగా, ఇక ఏమీ బాగుపడదన్నట్టు ఉందా? ఏ ఒక్కదానికైనా అవుననిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. మందులతో, కౌన్సెలింగ్‌తో నయమయ్యే జబ్బు. 14416 టెలీ మానస్ నంబర్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రాత్రే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

9. మూడు నెలలకు మళ్లీ చూసుకోండి

ఐరన్ లోపానికి మందు మొదలుపెట్టాక నెలలోపే హిమోగ్లోబిన్ పెరగడం కనిపించాలి. పెరగకపోతే రక్తం ఇంకా పోతోందేమో వెతకాలి. అంకె సరిపోయాక కూడా నిల్వల కోసం మరో మూడు నెలల దాకా మాత్ర వాడమంటారు. థైరాయిడ్ డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి మూడు నెలలకు. నడుము కొలత నెలకోసారి.

మొదటి వారం రాసిన నోట్‌బుక్ తీసి, ఇంకో వారం రాసి పక్కపక్కన పెట్టండి. నిద్ర సరిపడా ఉంది, రిపోర్టులు బాగున్నాయి, తిండి, వ్యాయామం సరిగానే సాగుతున్నాయి, అయినా ఆ పూటకు ఓపిక పడిపోతూనే ఉందంటే ఊరుకోవద్దు. ఆ రెండు వారాల కాగితాలూ, మందుల జాబితా, రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని అదే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి, ఇంకా దేన్ని వెతకాలో అడగండి.